హెలికాప్టర్ ల్యాండింగ్ ప్రమాదాలు: పైలట్‌కు ఎన్ని గంటల అనుభవం ఉందన్నది కాదు, ఏ హెలికాప్టర్‌పై ఉందన్నదే అసలు ప్రశ్న

హెలికాప్టర్ కూలిన ప్రతిసారీ మొదటి రోజు వార్తల్లో ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది. పైలట్‌కు వేల గంటలు నడిపిన అనుభవం ఉందని, సైన్యంలోనో వైమానిక దళంలోనో ఏళ్ల తరబడి పనిచేశారని రాస్తారు. అది చదివినవారికి వెంటనే తట్టేది ఒకటే. అంతటి చేయి తిరిగిన పైలట్ పొరపాటు చేయరు కాబట్టి యంత్రమో, వాతావరణమో దెబ్బతీసి ఉంటుందని.

దర్యాప్తు అధికారులు ఆ అంకె దగ్గర ఆగిపోరు. లాగ్‌బుక్ తెరిచి మరో మూడు అంకెల కోసం వెతుకుతారు. సరిగ్గా ఈ రకం హెలికాప్టర్‌ను ఎన్ని గంటలు నడిపారు? గత 90 రోజుల్లో ఎంత నడిపారు? ఇలాంటి చోట ఎన్నిసార్లు దించారు? మొత్తం అనుభవం పది వేల గంటలైనా, ఈ మూడు అంకెలు చిన్నవైతే ఆ పైలట్ ఆ రోజుకు దాదాపు కొత్తవారి కిందే లెక్క. ఆ కొత్తదనం గాల్లో ఉన్నంతసేపూ బయటపడకపోవచ్చు. ఎక్కువగా బయటపడేది నేలకు దగ్గరయ్యేటప్పుడే.

కేదార్‌నాథ్ యాత్రికులు, ముంబయి హైలో పనిచేసే చమురు కార్మికులు, ఎన్నికల ప్రచారంలో తిరిగే నాయకులు, అంబులెన్స్ హెలికాప్టర్‌లో వెళ్లే రోగులు... మన దేశంలో హెలికాప్టర్ ఎక్కేవారి సంఖ్య పెరుగుతోంది. కాబట్టి పైలట్‌కు, హెలికాప్టర్ రకానికి మధ్య ఉండే ఈ పరిచయం ఏమిటో, అది ఎందుకంత ముఖ్యమో తెలుసుకోవడం అవసరం.

'టైప్' అంటే ఏమిటి?

విమానయానంలో 'టైప్' అంటే ఒకే డిజైన్ కింద ధ్రువీకరణ పొందిన యంత్రం. బెల్ 407 ఒక టైప్, ఎస్-76 మరో టైప్, మి-17 ఇంకో టైప్. భారత్‌లో పైలట్ లైసెన్స్ ఉన్నంత మాత్రాన ఏ హెలికాప్టర్ అయినా నడపడానికి వీల్లేదు. నడిపే రకం పేరు లైసెన్స్‌లో చేరాలి. అందుకోసం ఆ యంత్రం గురించి తరగతులు, పరీక్ష, గాల్లో శిక్షణ, చివర్లో తనిఖీ పైలట్ ఎదుట నైపుణ్య పరీక్ష ఉంటాయి.

యూరప్‌లోనూ ఇదే పద్ధతి. అమెరికాలో తేడా ఉంది. అక్కడ 12,500 పౌండ్ల (సుమారు 5,670 కిలోలు) లోపు బరువున్న హెలికాప్టర్లకు విడిగా టైప్ రేటింగ్ అక్కర్లేదు. హెలికాప్టర్ లైసెన్స్ ఉన్నవారు ఒక చిన్న హెలికాప్టర్ నుంచి మరోదానికి మారవచ్చు. ఆ వెసులుబాటు ఒక రకం హెలికాప్టర్ విషయంలో ఎలా బెడిసికొట్టిందో తర్వాత చూద్దాం.

లైసెన్స్‌లో పేరు చేరడం వేరు, ఆ యంత్రం చేతికి అలవాటు కావడం వేరు. మొదటిది చట్టం అడిగేది. ప్రమాదం ముంచుకొచ్చిన రెండు మూడు సెకన్లలో ఆదుకునేది రెండోది.

దిగడమే ఎందుకు కష్టం?

ముందుకు ఎగిరే హెలికాప్టర్‌కు ఆ వేగమే కొంత బలం. గాలి ఎదురుగా తగులుతుంటే రోటర్ తక్కువ శక్తితోనే బరువు మోస్తుంది. దిగడానికి వేగం తగ్గించేకొద్దీ ఆ సాయం పోతుంది. ఒకేచోట నిలిపి ఉంచాలంటే ఇంజిన్ నుంచి ఎక్కువ శక్తి లాగాలి. అంటే శక్తి ఎక్కువ అవసరమయ్యేదీ, నేల దగ్గరగా ఉండి పొరపాటు దిద్దుకునే సమయం తక్కువగా ఉండేదీ ఒకే క్షణంలో.

అక్కడ కాచుకుని ఉండే ప్రమాదాల్లో మొదటిది 'వోర్టెక్స్ రింగ్ స్టేట్'. ముందుకు వేగం బాగా తగ్గిపోయి, నిటారుగా గబగబా కిందికి జారుతున్నప్పుడు, హెలికాప్టర్ తన రెక్కలు కిందికి తోసిన గాలి సుడిలో తానే చిక్కుకుంటుంది. అప్పుడు ఎంత శక్తి పెంచినా కిందికే పోతుంది. పైలట్లకు నేర్పే స్థూలమైన లెక్క ప్రకారం వేగం సుమారు 30 నాట్లకు తగ్గి, నిమిషానికి 300 అడుగులకు మించి దిగుతుంటే జాగ్రత్త పడాలి. అయితే హెలికాప్టర్ బరువు, రోటర్ తీరును బట్టి ఆ హద్దు మారుతుంది.

రెండోది దుమ్ము. రెక్కల గాలికి లేచిన దుమ్ములో చివరి క్షణంలో నేల కనిపించదు. ఊళ్లలో సభ కోసం ఆర్ అండ్ బీ శాఖ తాత్కాలిక హెలిప్యాడ్ వేసినప్పుడు ముందుగా నీళ్లు చల్లించేది ఇందుకే. మూడోది ఎత్తు. కేదార్‌నాథ్ ఆలయం సముద్ర మట్టానికి సుమారు 3,580 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి మైదాన ప్రాంతంతో పోలిస్తే దాదాపు 30 శాతం పలచన. కింద హెలిప్యాడ్ దగ్గర తేలిగ్గా నిలిచిన యంత్రమే పైకి వెళ్లాక శక్తి చాలక నీరసపడుతుంది. ఎంత బరువుతో, ఎంత ఎండలో, ఎంత ఎత్తున ఈ హెలికాప్టర్ నిలబడగలదన్న లెక్క ప్రతి రకానికీ వేరు.

కాళ్ల కింద తిరగబడే పెడల్

రకం మారితే ఏం మారుతుందో చెప్పడానికి అందరికీ అర్థమయ్యే ఉదాహరణ పెడళ్లు.

అమెరికాలో తయారయ్యే బెల్, సికోర్‌స్కీ, రాబిన్సన్ హెలికాప్టర్లలో పైనుంచి చూస్తే పెద్ద రోటర్ గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. ఫ్రెంచ్ డిజైన్లయిన ఎఎస్350, డాఫిన్‌లలోనూ, రష్యా మి-17లోనూ గడియారం దిశలో తిరుగుతుంది. మన హెచ్ఏఎల్ తయారుచేసిన చేతక్, చీతాలు కూడా ఫ్రెంచ్ డిజైన్లే కాబట్టి వాటిదీ అదే దారి.

రోటర్ ఒకవైపు తిరిగితే, హెలికాప్టర్ శరీరం రెండోవైపు తిరగాలని చూస్తుంది. దాన్ని అదుపులో ఉంచేది తోక రోటర్. దాన్ని నడిపేవి పైలట్ కాళ్ల కింది పెడళ్లు. దిగేముందు శక్తి పెంచగానే బెల్ హెలికాప్టర్ ముక్కు కుడివైపు తిరగబోతుంది, పైలట్ ఎడమ పెడల్ నొక్కాలి. అదే చేతక్‌లో ముక్కు ఎడమవైపు పోతుంది, కుడి పెడల్ నొక్కాలి. పైగా డాఫిన్ లాంటి వాటిలో తోక రోటర్ గుండ్రటి గూడులో ఇమిడి ఉంటుంది. బహిరంగంగా ఉండే తోక రోటర్‌తో పోలిస్తే కొన్ని సందర్భాల్లో పెడల్ మరింత లోతుగా తొక్కాల్సి వస్తుంది.

మన దేశంలో సివిల్ హెలికాప్టర్లు నడిపేవారిలో చాలామంది సైన్యం నుంచో, వైమానిక, నౌకా దళాల నుంచో వచ్చినవారే. చేతక్, చీతాల మీద కాళ్లకు పట్టిన అలవాటుతో బెల్ హెలికాప్టర్‌లో కూర్చున్నప్పుడు వారు మొదట చేయాల్సింది ఆ అలవాటును తిరగరాయడం. మామూలు రోజుల్లో అది కష్టం కాదు. అమెరికాలో ఏళ్లపాటు కారు నడిపి సెలవులకు హైదరాబాద్ వచ్చినవారు రెండు రోజుల్లో కుదురుకుంటారు. కానీ ఎవరైనా హఠాత్తుగా అడ్డం వస్తే ఇండికేటర్ వేయబోయి వైపర్ వేస్తారు. కంగారులో చెయ్యీ కాలూ పాత అలవాటునే వెతుక్కుంటాయి. కారులో అది నవ్వుకునే విషయం. నేలకు 20 అడుగుల ఎత్తున, తోక పక్కకు తిరిగిపోతున్న హెలికాప్టర్‌లో అలా కాదు.

ఒకే కుదుపు, వేర్వేరు జవాబులు

చక్రాలో, స్కిడ్‌లో నేలను తాకగానే కొన్ని హెలికాప్టర్లు విపరీతంగా ఊగడం మొదలవుతుంది. 'గ్రౌండ్ రెసొనెన్స్' అంటారు. మూడు లేదా అంతకన్నా ఎక్కువ రెక్కలు, వాటికి విడివిడి కీళ్లు ఉన్న రోటర్లలో రెక్కల మధ్య దూరం ఎడాపెడా అయితే ఈ ఊపు పుడుతుంది. సెకన్లలో యంత్రం ముక్కలు కావచ్చు. రోటర్ తగినంత వేగంతో తిరుగుతుంటే వెంటనే మళ్లీ గాల్లోకి లేవడమే దీనికి మందు. వేగం తగ్గిపోయి ఉంటే ఇంజిన్ ఆపేయాలి. రెండు రెక్కలతో ఊయలలా ఊగే రోటర్ ఉన్న బెల్ 206, రాబిన్సన్ ఆర్22 లాంటివాటిలో ఈ బెడద సాధారణంగా ఉండదు. వాటి మీదే పెరిగిన పైలట్ ఈ ఊపును పుస్తకంలో చదివి ఉంటారే తప్ప ఒంటితో ఎరిగి ఉండరు.

అలాగని రెండు రెక్కలవి సురక్షితమని కాదు. వాటికి వేరే బలహీనత ఉంది. గాల్లో ముక్కు ఒక్కసారిగా కిందికి తోస్తే హెలికాప్టర్ క్షణకాలం బరువు కోల్పోయినట్టవుతుంది. ఆ సమయంలో కర్రను తప్పుగా కదిపితే రోటర్ మధ్యభాగం దాన్ని మోసే దండాన్ని గుద్ది విరిచేయగలదు. రోటర్ మెడ గట్టిగా బిగించి ఉండే రకాల్లో అదే కదలికను యంత్రం తట్టుకుంటుంది. ఒక రకంలో చెల్లిన పని మరో రకంలో ప్రాణం తీస్తుందని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

సంబర్గ్, 2013: ఆటోపైలట్‌ను ఎవరు ఎంత నమ్మారు?

ఆధునిక హెలికాప్టర్లలో కాళ్లు చేతుల అలవాటుతో పాటు కంప్యూటర్ తీరు తెలియడం కూడా పరిచయంలో భాగమే. అందుకు 2013 ఆగస్టు 23న స్కాట్లాండ్‌కు ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో జరిగిన ప్రమాదం ఒక పాఠం.

ఉత్తర సముద్రంలోని చమురు రిగ్ నుంచి 16 మంది కార్మికులు, ఇద్దరు పైలట్లతో ఒక సూపర్ ప్యూమా ఎఎస్332 ఎల్2 సంబర్గ్ విమానాశ్రయానికి వస్తోంది. మబ్బులు బాగా కిందికి ఉన్నాయి. పరికరాల సాయంతో దిగుతున్నారు. ఆటోపైలట్‌ను పైలట్లు కిందికి దిగే వేగాన్ని స్థిరంగా ఉంచే పద్ధతిలో పెట్టారు. ఆ పద్ధతిలో ముందుకు వెళ్లే వేగాన్ని ఆటోపైలట్ చూసుకోదు. ఇంజిన్ శక్తిని సర్దుతూ పైలటే చూసుకోవాలి. శక్తి చాలకపోతే, దిగే వేగం చెప్పినంతే ఉంచడం కోసం ఆటోపైలట్ ముక్కును కొంచెం కొంచెంగా పైకి ఎత్తుతుంది. దాంతో ముందుకు పోయే వేగం ఇంకా తగ్గుతుంది.

ఆ రోజు జరిగింది అదే. వేగం తగ్గుతూ పోయింది. ఇద్దరిలో ఎవరూ సమయానికి గమనించలేదు. గమనించేసరికి తిరిగి నిలదొక్కుకునేంత ఎత్తు మిగల్లేదు. హెలికాప్టర్ విమానాశ్రయానికి పడమరగా సముద్రంలో పడి తలకిందులైంది. నలుగురు ప్రయాణికులు చనిపోయారు. 14 మంది బయటపడ్డారు.

బ్రిటన్ దర్యాప్తు సంస్థ ఏఏఐబీ 2016లో నివేదిక ఇచ్చింది. హెలికాప్టర్‌లో ప్రమాదానికి కారణమైన లోపం కనిపించలేదు. చివరి దశలో పరికరాలను సరిగ్గా కనిపెట్టుకుని ఉండకపోవడం వల్లే యంత్రం కోలుకోలేని స్థితికి చేరిందని తేల్చింది. ఈ తరహా ల్యాండింగ్‌ను ఎలా చేయాలో సంస్థ పద్ధతుల్లో స్పష్టంగా లేదని, ఇద్దరు పైలట్లకూ ఒకే అవగాహన ఏర్పడలేదని కూడా చెప్పింది. అదే హెలికాప్టర్‌లో వేగాన్ని కూడా ఆటోపైలట్‌కే అప్పగించే పద్ధతి ఉంది. ఏ పద్ధతిలో ఏ పని యంత్రానిది, ఏ పని మనిషిది అన్న విభజన తలలో స్పష్టంగా లేకపోవడమే అక్కడ కొత్తదనం.

బెంగళూరు, 1990: ఇదే పాఠం విమానంలో

హెలికాప్టర్ కాకపోయినా, ఇదే తరహా ప్రమాదాన్ని భారత్ అంతకు 23 ఏళ్ల ముందే చూసింది. 1990 ఫిబ్రవరి 14న ముంబయి నుంచి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605 విమానం బెంగళూరు హెచ్ఏఎల్ విమానాశ్రయంలో రన్‌వేకు ముందే నేలను తాకి కూలిపోయింది. 146 మందిలో 92 మంది చనిపోయారు. విమానం ఎయిర్‌బస్ ఎ320. ఆ రకం ఆ సంస్థలోకి వచ్చింది 1989లోనే.

కాక్‌పిట్‌లో ఉన్న ఇద్దరూ కెప్టెన్లే. ఒక్కొక్కరికి తొమ్మిది వేల గంటలకు పైగా అనుభవం. కానీ ఎ320 మీద ఒకరికి వంద గంటలు కూడా నిండలేదు. దిగే సమయంలో విమానం కంప్యూటర్ ఇంజిన్లను కనిష్ఠ శక్తిలో ఉంచే పద్ధతిలో ఉంది. వేగం పడిపోతోందని గ్రహించి శక్తి పెంచేసరికి ఆలస్యమైపోయింది. ఆ తర్వాత దేశంలో ఎ320లను కొన్ని నెలలపాటు ఎగరనివ్వలేదు. పాత విమానాల మీద సంపాదించిన వేల గంటలు, కొత్త విమానం ఆలోచించే తీరును నేర్పవని ఆ దుర్ఘటన చెప్పింది.

అబోటాబాద్, 2011: హెలికాప్టర్ మారింది, గోడ కూడా మారింది

అత్యంత నిపుణులైన పైలట్లకూ ఈ చిక్కు తప్పదనడానికి 2011 మే 2 రాత్రి పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో జరిగింది ఉదాహరణ. ఒసామా బిన్ లాడెన్ ఉన్న ఇంటి ఆవరణలో దిగబోయిన రెండు బ్లాక్ హాక్‌లలో ఒకటి అదుపు తప్పి కిందపడింది. పైలట్ ముక్కును నేలలోకి దించడంతో తోక ప్రహరీ గోడ మీద ఆగింది. లోపలివారు ప్రాణాలతో బయటపడ్డారు.

అది మామూలు బ్లాక్ హాక్ కాదు. రాడార్‌కు, చెవికి దొరక్కుండా మార్పులు చేసినది, దాంతో బరువు పెరిగింది. ఇంటి నమూనా కట్టి ముందుగా సాధన కూడా చేశారు. అయితే, తర్వాత వెలుగులోకి వచ్చిన వివరాల ప్రకారం, ఆ నమూనా చుట్టూ ఉన్నది ఇనుప తీగల కంచె. రెక్కల గాలి దానిలోంచి బయటికి పోయేది. అసలు ఇంటి చుట్టూ ఎత్తయిన గోడ ఉంది. గాలి బయటికి పోలేక తిరిగి రోటర్‌లోకే వచ్చింది. ఆ రాత్రి వేడి కూడా అనుకున్నదానికన్నా ఎక్కువగా ఉంది. యంత్రంతో పరిచయం అంటే, 'ఈ యంత్రం, ఈ బరువుతో, ఈ చోట' అన్న మూడూ కలిసిన పరిచయమని దీన్నిబట్టి అర్థమవుతుంది.

మన అనుభవాలు

తెలుగువారి జ్ఞాపకంలో రెండు హెలికాప్టర్ ప్రమాదాలు చెరగకుండా ఉన్నాయి. రెండూ ఒకే రకమైన ప్రమాదాలు కావు.

2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగి భీమవరం నుంచి బయల్దేరిన బెల్ 206 హెలికాప్టర్ కృష్ణా జిల్లా కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలిపోయింది. ఆయనతో పాటు పైలట్, భద్రతా అధికారి చనిపోయారు. ఆ ఉదయం దారి సరిగ్గా కనిపించని వాతావరణం ఉంది. చెరువులు, గట్లు, కొబ్బరి చెట్లు కలిసిపోయి ఉండే కొల్లేరు పరిసరాల్లో ముందుగా ఎంచుకోని చోట దిగడమంటే ఎంతటి పైలట్‌కైనా పరీక్షే.

2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖర్ రెడ్డి ప్రయాణించిన బెల్ 430 నల్లమలలో కూలిపోయి ఐదుగురు మరణించారు. అది దిగేటప్పుడు జరిగింది కాదు. తీవ్రమైన మబ్బుల్లో కిందికి తోసే గాలిలో చిక్కుకుని అదుపు తప్పిందని దర్యాప్తు కమిటీ తేల్చింది. అయితే నివేదికలోని ఒక అంశం ఇక్కడ చెప్పుకోదగ్గది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెజర్ గురించి వచ్చిన హెచ్చరికకు ఏం చేయాలో పుస్తకంలో వెతకడంలో పైలట్ల దృష్టి, కీలకమైన కొన్ని నిమిషాలు పోయాయి. ముందున్న మబ్బును చూడాల్సిన సమయం అది. ఏ హెచ్చరికకు వెంటనే స్పందించాలి, ఏది కాసేపు ఆగగలదు, దాని సూచన ఏ పేజీలో ఉంది అన్నది కూడా యంత్రంతో పరిచయంలో భాగమే.

సముద్రంలో జరిగిన ప్రమాదాలు వేరు. 2015 నవంబర్‌లో ముంబయి తీరానికి దూరంగా రాత్రిపూట నడిపే శిక్షణలో ఉన్న పవన్ హన్స్ డాఫిన్ సముద్రంలో కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. 2022 జూన్ 28న ముంబయి హైలోని సాగర్ కిరణ్ రిగ్‌పై దిగబోతూ పవన్ హన్స్‌కు చెందిన సికోర్‌స్కీ ఎస్-76డి సముద్రంలో పడింది. ఫ్లోటర్లు తెరుచుకున్నా, 9 మందిలో నలుగురు దక్కలేదు.

పవన్ హన్స్ 1985లో మొదలైనప్పటి నుంచి డాఫిన్‌లు దాని ప్రధాన యంత్రాలు. ఎస్-76డి ఆ సంస్థకు కొత్తగా వచ్చిన రకం. ప్రమాదానికి దీన్ని ముడిపెట్టడానికి కాదు, రకం మార్పు ఎంత పెద్దదో చెప్పడానికి చూస్తే, డాఫిన్ రోటర్ గడియారం దిశలో, ఎస్-76 రోటర్ వ్యతిరేక దిశలో తిరుగుతాయి. ఒకదానిది గూడులో ఇమిడిన తోక రోటర్, రెండోదానిది బహిరంగ రోటర్. కాక్‌పిట్ తెరలు, ఆటోపైలట్ తీరు వేరు. సంస్థ ఒక రకం నుంచి మరో రకానికి మారినప్పుడు ఒక్క పైలటే కాదు, శిక్షకులు, తనిఖీ పైలట్లు, మెకానిక్‌లు అందరూ ఒకేసారి కొత్తవారవుతారు. తప్పును పట్టుకోవాల్సినవారికీ ఆ యంత్రం కొత్తే అన్నది అలాంటి సమయంలో ఉండే అసలు చిక్కు.

కేదార్‌నాథ్‌లో చిక్కు మరోలా ఉంటుంది. అక్కడ తిరిగేవి ఎక్కువగా ఒకే ఇంజిన్, ఒకే పైలట్ ఉన్న హెలికాప్టర్లు. గుప్తకాశీ, ఫాటా, సెర్సీల నుంచి ఇరుకు లోయ గుండా రోజుకు ఎన్నోసార్లు ఎక్కి దిగుతాయి. 2022 అక్టోబర్ 18న గరుడ్ చట్టీ దగ్గర బెల్ 407 కూలి ఏడుగురు, 2025 జూన్ 15న గౌరీకుండ్ దగ్గర మరో బెల్ 407 కూలి ఏడుగురు మరణించారు. 2025 మే 17న కేదార్‌నాథ్‌లో దిగుతున్న అంబులెన్స్ హెలికాప్టర్ తోక విరిగినా, లోపలి ముగ్గురూ క్షేమంగా బయటపడ్డారు. ఇక్కడ యంత్రం తెలిసినంత మాత్రాన సరిపోదు. మధ్యాహ్నం లోయలో మబ్బు ఎంత వేగంగా మూసుకుంటుందో, గాలి ఏ మలుపులో దిశ మారుతుందో తెలియాలి.

నిబంధనలు ఎలా మారాయి?

ఒక రకం హెలికాప్టర్ కోసం ప్రత్యేకంగా నిబంధన తెచ్చి ఫలితం చూసిన దేశం అమెరికా. అక్కడ రాబిన్సన్ ఆర్22 అనే రెండు సీట్ల చిన్న హెలికాప్టర్ చవకగా దొరకడంతో శిక్షణ సంస్థలన్నిటికీ చేరింది. దాని రోటర్ తేలిక. ఇంజిన్ ఆగితే రెక్కల వేగం ఇట్టే పడిపోతుంది. ఒకటి రెండు సెకన్లలో సరైన పని చేయకపోతే ఇక నిలబెట్టడం అసాధ్యం. అనుభవం లేని శిక్షకులు, కొత్త విద్యార్థులు ఉన్న చోట ప్రాణాలు పోవడం మొదలైంది.

1995లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఆర్22, ఆర్44లకు ప్రత్యేక నిబంధన తెచ్చింది. హెలికాప్టర్లపై 200 గంటలు, అందులో కనీసం 50 గంటలు ఆర్22 మీద ఉండాలి. లేదంటే శిక్షకుడితో కలిసి కనీసం 10 గంటలు ఆర్22 నడిపి, ఆయన ధ్రువీకరణ పొందాలి. ఆర్44కూ ఇలాంటి షరతులే పెట్టారు. క్రమం తప్పని తనిఖీ కూడా వేరే హెలికాప్టర్‌లో జరిగితే చెల్లదు, ఈ రకంలోనే జరగాలి. వేల గంటల పైలటైనా ఈ రకానికి కొత్తయితే మళ్లీ విద్యార్థేనని చట్టం ఒప్పుకున్న సందర్భం ఇది.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో ప్రమాణం ప్రకారం, వాణిజ్య సేవల్లో కెప్టెన్‌గా ఉండేవారు గత 90 రోజుల్లో ఆ రకం హెలికాప్టర్‌పై కనీసం మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేసి ఉండాలి. ఇది కనీస హద్దు మాత్రమే. మూడుసార్లు పగలు, విశాలమైన రన్‌వేపై దించినవారు, గాలి కొడుతున్న రిగ్ మీద ఊగే డెక్‌పై దించడానికి సిద్ధమైనట్టు కాదు. అందుకే చమురు సంస్థలు ఒప్పందాల్లో అంతకన్నా ఎక్కువ గంటలు, రకంపై అనుభవం, రిగ్ ల్యాండింగ్ అనుభవం అడగడం ప్రపంచవ్యాప్తంగా ఆనవాయితీ.

సిమ్యులేటర్ ఎంతవరకు?

తోక రోటర్ విఫలమైతే ఏం చేయాలో నిజం హెలికాప్టర్‌లో సాధన చేయించడం సాధ్యం కాదు. వోర్టెక్స్ రింగ్‌లోకి తక్కువ ఎత్తులో కావాలని వెళ్లలేరు. అందుకు సిమ్యులేటర్ కావాలి. హెచ్ఏఎల్, కెనడా సంస్థ సీఏఈ కలిసి బెంగళూరులో 'హాట్సాఫ్' పేరుతో హెలికాప్టర్ సిమ్యులేటర్ కేంద్రాన్ని నెలకొల్పాయి. అది 2010లో పని మొదలుపెట్టింది. అక్కడి ఏర్పాటే ఈ వ్యాసంలోని విషయాన్ని కళ్లకు కడుతుంది. కదిలే వేదిక ఒక్కటే, దాని మీద బెల్ 412, ధ్రువ్, డాఫిన్‌ల కాక్‌పిట్‌లను మార్చి మార్చి బిగిస్తారు. పైలట్ ఏ రకం నడుపుతారో ఆ కాక్‌పిట్‌లోనే కూర్చోవాలి. తన రకానికి సిమ్యులేటర్ దేశంలో లేకపోతే విదేశానికి వెళ్లాలి. ఆ ఖర్చు, సమయం భరించలేని చిన్న సంస్థల్లో శిక్షణ నిజం హెలికాప్టర్‌లోనే, కాబట్టి ప్రమాదం లేని పాఠాల వరకే జరుగుతుంది.

ఎవరు, ఏం అడగాలి?

టికెట్ కొన్న యాత్రికుడు పైలట్ లాగ్‌బుక్ అడిగి చూడలేరు. కానీ హెలికాప్టర్‌ను అద్దెకు తీసుకునే రాష్ట్ర ప్రభుత్వం, రాజకీయ పార్టీ, చమురు సంస్థ, ఆసుపత్రి, యాత్రా సేవలకు అనుమతిచ్చే అధికారి అడగగలరు. మొత్తం గంటలతో పాటు ఈ రకంపై ఎన్ని గంటలు, అందులో కెప్టెన్‌గా ఎన్ని, గత 90 రోజుల్లో ఎన్ని, ఈ హెలిప్యాడ్‌పైనో ఇలాంటి చోటో ఎన్నిసార్లు దించారన్న వివరాలు ఒప్పందంలోనే రాయించుకోవచ్చు. సంస్థకే ఆ రకం కొత్తయితే, ఇద్దరు కొత్తవారిని ఒకే కాక్‌పిట్‌లో కూర్చోబెట్టకూడదన్న షరతు పెట్టవచ్చు.

ప్రమాదం తర్వాత కూడా పాఠకులు చూడగలిగేది ఒకటుంది. మన దేశంలో విమాన ప్రమాదాలను దర్యాప్తు చేసేది ఎయిర్‌క్రాఫ్ట్ యాక్సిడెంట్ ఇన్వెస్టిగేషన్ బ్యూరో. తప్పు ఎవరిదో తేల్చి శిక్షించడం దాని పని కాదు, మళ్లీ జరగకుండా చూడటమే ఉద్దేశం. అది తుది నివేదికలను బహిరంగంగానే ఉంచుతుంది. అంతర్జాతీయ నమూనా ప్రకారం రాసే ఆ నివేదికల్లో 1.5 సంఖ్యతో సిబ్బంది వివరాల విభాగం ఉంటుంది. మొదటి రోజు వార్తల్లో వచ్చిన పెద్ద అంకె కింద, ఆ రకంపై గంటలు, గత 90 రోజుల గంటలు అక్కడ వరుసగా కనిపిస్తాయి. ఏ ప్రమాదాన్నయినా అర్థం చేసుకోవాలంటే చదవడం ఆ వరుసల దగ్గర మొదలుపెట్టవచ్చు.